ఫైబర్ పుట్టి అడుగున తెల్ల మచ్చలు: నిరుడు మోసిన బరువు ఈ ఏడూ మోస్తుందా?

సంగమేశ్వరం గట్టు | మే 4, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. నాయన, చిన్నాయన శ్రీశైలం వెనుక జలాల్లో చేపలు పడతారు. వెదురు పుట్టిలు, అంటే గుండ్రటి పడవలు, మా తాతతోనే పోయాయి. ఇప్పుడు ఉన్నవి రెండూ ఫైబర్ పుట్టిలే. ఒకటి నిరుడు కొన్నది, ఇంకొకటి ఆరేళ్ల నాటిది. నా ప్రశ్న ఆ పాతదాని గురించి.

నిరుడు ఆగస్టులో అవతలి గట్టుకు ఒక డీజిల్ ఇంజను దాటించాల్సి వచ్చింది. ఇంజనుతో పాటు ఐదుగురు మనుషులు ఎక్కారు. గట్టు దగ్గర నీటి కింద ఉన్న బండ మీద పుట్టి ఆనింది. ‘టప్’మని ఒక్క శబ్దం వచ్చిందని చిన్నాయన చెప్పాడు. చుక్క నీరు కూడా లోపలికి రాలేదు. ఆ పుట్టితోనే జనవరి దాకా వేటకు వెళ్లారు.

ఇప్పుడు నీళ్లు వెనక్కి పోయాయి, సంగమేశ్వరుని గుడి బయటపడింది. పుట్టిని బోర్లించి కడిగితే అడుగున అరచేయి అంత తెల్ల మచ్చలు మూడు కనిపించాయి. వాటి చుట్టూ కందిగింజంత బుడిపెలు. మచ్చ మీద బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా లోపలికి పోతోంది.

నాయన ఒకటే మాట అంటున్నాడు: “అంత బరువు మోసి నిలబడింది, ఇక దానికేం భయం?” నాకు మనసు ఒప్పడం లేదు. నీళ్లలో నానితే ఫైబర్ బలం తగ్గుతుందా? ఒకసారి పెద్ద బరువు మోసిందంటే అది బలానికి రుజువా, లేక ఆ మేరకు బలం ఖర్చయినట్టా? జూలైలో నీళ్లు ఎక్కేలోపు తేల్చుకోవాలి.

రెసిన్ మేస్త్రి | మే 4, రాత్రి 10:02

తమ్ముడూ, ఇరవై ఏళ్లుగా ఫైబర్ పనిలో ఉన్నాను. తలుపులు, నీళ్ల తొట్లు, పుట్టిలు అన్నీ పోశాను. ముందు ఒక రూపాయి బిళ్ల తీసుకుని అడుగంతా తట్టు. బాగున్న చోట గణగణ పలుకుతుంది. పొర విడిన చోట పుచ్చకాయ మీద తట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. మొద్దుగా పలికిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయి. తెల్లగా కనిపించే మేర కన్నా ఆ గీత పెద్దదిగా వస్తుంది, చూస్తూ ఉండు.

బుడిపెల్లో ఒకదాన్ని సూదితో పొడిచి చూడు. కళ్లద్దాలు పెట్టుకుని పొడవాలి, లోపలి ద్రవం ఒత్తిడితో చిమ్ముతుంది. వేళ్లకు జిగురుగా అంటుతూ పులిసిన వెనిగర్ వాసన వేస్తే అది ఉత్త నది నీరు కాదు. జెల్‌కోట్ (పైన ఉండే నున్నటి పూత) గుండా సన్నగా దిగిన నీరు లోపల సరిగ్గా గట్టిపడని రెసిన్ (నారను పట్టి ఉంచే జిగురు) ముక్కలను కరిగించుకుంటుంది. ఆ చిక్కటి ద్రవం బయటి నీటిని ఇంకా లోపలికి లాగుతుంది. ఎండు ద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బినట్టే.

సంగమేశ్వరం గట్టు | మే 5, ఉదయం 7:40

మేస్త్రి గారూ, తట్టి చూశాను. మూడు మచ్చలూ కలిసి ఒకే పెద్ద మచ్చగా తేలాయి, చేట అంత ఉంది. బుడిపెలో వాసన మీరు చెప్పిందే. కడుక్కున్న తరువాత కూడా చేతికి వెనిగర్ వాసన పోలేదు.

నారపోగు | మే 5, మధ్యాహ్నం 1:15

అనంతపురంలో మెటీరియల్స్ పాఠం చెబుతాను. మీ రెండు ప్రశ్నలూ నిజానికి ఒకే ప్రశ్న. అందుకే కొంచెం నెమ్మదిగా చెబుతాను.

ఫైబర్ అని మనం అనేదానిలో మూడు ఉన్నాయి. గాజు నార, దాన్ని పట్టి ఉంచే రెసిన్, ఆ రెండూ అతికిన సరిహద్దు. నీరు మూడింటినీ మూడు రకాలుగా దెబ్బ తీస్తుంది.

రెసిన్ నీటిని పీల్చుకుంటుంది. రంధ్రాలు లేకపోయినా అణువుల మధ్య సందుల్లోకి నీరు దూరుతుంది. మొదట్లో పీల్చే నీటి బరువు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. అంటే రెట్టింపు నీరు దిగాలంటే నాలుగింతల కాలం కావాలి. గోడ మందం రెట్టింపైతే నిండడానికి కూడా నాలుగింతల కాలం పడుతుంది. పుట్టి గోడ పలచన కాబట్టి ఆరేళ్లలో పూర్తిగా నానిందనే అనుకోండి. నీరు దిగిన రెసిన్ ఉబ్బి మెత్తబడుతుంది. ఎపాక్సీ రెసిన్‌లో ఒక శాతం నీరు చేరితే అది మెత్తబడే ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలు దిగుతుందని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. మీ పుట్టి పాలిస్టర్‌ది, అది కొంత తక్కువ పీలుస్తుంది, కానీ దారి అదే. కర్నూలు మే ఎండలో బోర్లించిన ముదురు రంగు అడుగు మీద చేయి పెట్టి చూడండి, నిలవదు. తడి, వేడి రెండూ కలిసినప్పుడే రెసిన్ అతి బలహీనంగా ఉంటుంది.

అయితే రెసిన్ మెత్తబడటం చాలావరకు తిరిగి వచ్చే నష్టం. ఆరబెడితే ఆ గట్టిదనం మళ్లీ వస్తుంది. సరిహద్దు సంగతి వేరు. గాజును రెసిన్‌కు అతికించడానికి నార మీద సిలేన్ అనే పూత వేస్తారు. నీరు ఆ అతుకును విడదీస్తే, ఎంత ఆరబెట్టినా తిరిగి అతకదు. మీకు కనిపిస్తున్న తెలుపు అదే. నార, రెసిన్ విడిపోయిన సందుల్లో వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తోంది.

గాజు గురించి రాత్రికి రాస్తాను. అసలు విషయం అక్కడే ఉంది.

పెన్నా ఇంజనీరు | మే 5, సాయంత్రం 6:20

నేను కడపలో నీటిపారుదల పనుల్లో చేసి రిటైరైనవాణ్ణి. ఆ పెద్దాయన మాటను తేలిగ్గా తీసిపారేయకండి. వంతెన కట్టాక దాని మీద బరువు పెట్టి ఎంత కుంగిందో చూసే ఖరారు చేస్తాం. పైపులకు పని ఒత్తిడి కన్నా ఎక్కువ నీటి ఒత్తిడి ఎక్కించి చూస్తాం. మోసిన వస్తువు మోస్తుందనే నమ్మకం మీదే ఆ పరీక్షలన్నీ నిలబడ్డాయి.

నారపోగు | మే 5, రాత్రి 9:48

సార్, మీ మాటలో నిజం ఉంది. అయితే వంతెన మీద బరువు పెట్టినప్పుడు మీరు నిలిచిందా లేదా అని మాత్రమే చూడరు. ఎంత కుంగింది, బరువు తీశాక ఎంత లేచింది అని కొలుస్తారు. పుట్టి విషయంలో ఆ కొలత ఎవరూ తీయలేదు. పైగా ‘టప్’ అన్నది.

ఆ శబ్దం గురించి చెబుతాను. 1950లో జర్మనీలో జోసెఫ్ కైజర్ లోహాలను లాగుతూ వాటి లోపలి సన్నని శబ్దాలను విన్నాడు. ఒకసారి కొంత బరువు మోసిన లోహం, మళ్లీ ఆ బరువు దాటేదాకా నిశ్శబ్దంగానే ఉంటుందని గమనించాడు. నాయన గారి నమ్మకం సరిగ్గా ఇదే. నార కలిపిన పదార్థాల్లో మాత్రం, దెబ్బ తిన్నాక, ఆ నియమం తప్పుతుంది. పాత బరువు ఇంకా చేరకముందే శబ్దాలు మొదలవుతాయి. మొదలైన బరువును పాత బరువుతో భాగిస్తే వచ్చేదాన్ని ఫెలిసిటీ నిష్పత్తి అంటారు. అది ఒకటి కన్నా ఎంత తగ్గితే లోపల అంత దెబ్బ ఉన్నట్టు. ఫైబర్ ట్యాంకులను ఇలా చెవి పెట్టి వినే పద్ధతిలో పరీక్షిస్తారు.

ఇక గాజు. 1920లో గ్రిఫిత్ అనే ఆయన గాజును కరిగించి సన్నని పోగులు తీసి తెంపి చూశాడు. పోగు ఎంత సన్ననైతే అంత బలం. అప్పుడే తీసిన పోగు అన్నింటికన్నా బలమైనది, కొన్ని గంటలు గడిస్తే ఆ బలం తగ్గింది. తరువాత తరాల వాళ్లు కారణం తేల్చారు. గాజు మీద కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి. పోగును లాగి ఉంచినప్పుడు పగులు కొన దగ్గర సిలికాన్, ఆక్సిజన్ బంధాలు సాగి ఉంటాయి. అక్కడికి నీటి అణువు చేరితే ఆ బంధాన్ని తెంపేస్తుంది. పగులు ఒక మెట్టు ముందుకు జరుగుతుంది. లాగుడు లేకుండా నీరు ఒక్కటే ఉంటే ఈ పని చాలా నెమ్మది. నీరు లేకుండా లాగుడు ఒక్కటే ఉన్నా అంతే. రెండూ ఒకేసారి ఉంటే పగులు ఆగకుండా నడుస్తుంది.

కాబట్టి ‘తడి ఎంత తగ్గించింది, బరువు ఎంత తగ్గించింది’ అని విడివిడిగా లెక్కించి కూడితే సరిపోదు. నిరుటి బరువు రెసిన్‌లో సన్న పగుళ్లు పెట్టింది. ఆ పగుళ్లలోకి నీరు దీపం ఒత్తికి నూనె ఎక్కినట్టు నార వెంట పాకింది. తరువాతి ఐదు నెలలు ఆ తడి నార మీదే రోజూ బరువు పడింది. వరుస ముఖ్యం. నాని ఆరిన పుట్టి మీద బరువు పడటం వేరు, పగిలిన పుట్టి నానుతూ బరువు మోయడం వేరు.

హైటెన్షన్ | మే 5, రాత్రి 10:30

నారపోగు గారు చెప్పిందానికి మా కరెంటు లైన్ల మీద కళ్లకు కట్టే ఉదాహరణ ఉంది. పెద్ద లైన్లకు పింగాణీకి బదులు ఇప్పుడు పాలిమర్ ఇన్సులేటర్లు వాడుతున్నారు. లోపల గాజు నార కడ్డీ, పైన రబ్బరు తొడుగు. తొడుగు ఎక్కడైనా చిట్లి తేమ లోపలికి పోతే, కరోనా ఉత్సర్గం (తీగ చుట్టూ గాలిలోకి కరెంటు చిమ్మడం) వల్ల పుట్టే నత్రికామ్లం ఆ తేమలో కలుస్తుంది. కడ్డీ అప్పటికే తీగ బరువుతో లాగబడుతూ ఉంటుంది. తెగాల్సిన బరువులో చిన్న భాగమే దాని మీద ఉన్నా, ఒక రోజు కత్తితో కోసినట్టు నున్నగా తెగిపోతుంది. మామూలుగా తెగితే నార చీపురులా చీలాలి. ఇక్కడ అద్దం ముక్కలా తెగుతుంది. దీని తరువాతే బోరాన్ లేని గాజు నార వైపు మొగ్గారు, అది ఆమ్లాన్ని తట్టుకుంటుంది.

గాలిమర | మే 6, ఉదయం 6:55

ఉరవకొండ వైపు గాలిమరల రెక్కలకు మరమ్మతులు చేస్తాను. అనంతపురం అంత ఎండు జిల్లాలో తేమ ఎక్కడిది అని చాలామంది అడుగుతారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట కూడా రెక్క లోపల నీరు నిలుస్తుంది. రెక్క కొనన సన్న రంధ్రం ఉంటుంది, లోపల చేరిన నీరు రెక్క తిరిగేటప్పుడు అందులోంచి పోవాలి. మన దుమ్ముకు అది మూసుకుపోతుంది. ఆ నీటి మీద పిడుగు పడితే ఒక్క క్షణంలో ఆవిరై రెక్కను లోపలి నుంచి చీలుస్తుంది.

నేను కొత్తగా పనిలో చేరినప్పుడు జరిగింది చెబుతాను. ఒక రెక్క మీద చెయ్యి వెడల్పు పగులు. పైన గీకి, పొడిగా కనిపిస్తోంది కదా అని అదే పూట అతుకు వేశాం. మూడు నెలలకు తాడు కట్టుకుని మళ్లీ ఎక్కితే అతుకు మొత్తం అట్ట ముక్కలా ఊడి చేతికి వచ్చింది. దాని వెనుక పక్క తడిగా, పాల రంగులో ఉంది. పైన ఆరింది, లోపల ఆరలేదు. రెసిన్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి లోపలి తేమ పైకి వచ్చి అతుకుకు, పాత పొరకు మధ్య కూర్చుంది. ఆ రోజు నుంచి తేమ మీటరు పెట్టకుండా, వేడి దుప్పటి కప్పి ఆరబెట్టకుండా బ్రష్ పట్టలేదు.

తమ్ముడూ, నీ పుట్టికి మరమ్మతు చేయించినా ముందు ఆరనివ్వు. తొందరపడవద్దు.

కిత్తనార | మే 6, ఉదయం 11:20

మేము రాయచోటి దగ్గర. అమ్మమ్మ గట్ల మీది కిత్తనార నానబెట్టి తాళ్లు పేనేది. ఒక సందేహం. నూలు తాడు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది కదా, బావిలో చేద తాడు అందుకే తడిపి వాడేవాళ్లం. నీరు నారను బలహీనం చేస్తుందంటే ఇది ఎలా?

నారపోగు | మే 6, మధ్యాహ్నం 2:05

చాలా మంచి ప్రశ్న అమ్మా, మీరు చెప్పింది నిజం. నూలు తడిస్తే బలం పెరుగుతుంది, అదే సెల్యులోజ్‌తో చేసిన విస్కోస్ మాత్రం తడిస్తే బాగా తగ్గుతుంది. నూలు పోగులో తేమ చేరితే లోపలి బిగువులు సర్దుకుని లాగుడు అన్ని పోగుల మీదా సమంగా పంచుకుంటుంది. గాజులో సర్దుకునే గుణం లేదు.

అదే కిత్తనారను రెసిన్‌లో పోస్తే కథ మారిపోతుంది. తడిసినప్పుడు నార ఉబ్బి రెసిన్‌ను నెడుతుంది, ఆరినప్పుడు చిక్కి దాని నుంచి విడిపోతుంది. మా విద్యార్థులు కిత్తనార పలకలు పోసి బకెట్‌లో నానబెట్టి చూశారు. నార స్వయంగా బాగానే ఉంది, పలకను విరిస్తే రెసిన్‌లోంచి నార పొడవుగా ఊడి వచ్చింది. పట్టు పోయింది.

చెక్క కూడా నార పదార్థమే. కొద్ది నిమిషాల పరీక్షలో తట్టుకున్న బరువులో సుమారు 62 శాతమే అది పదేళ్ల పాటు ఆగకుండా మోయగలదని అమెరికాలో చెక్క మీద చేసిన పరీక్షల లెక్క. నాయన గారికి ఈ ఒక్క సంగతి చెప్పండి. దూలం ఇవాళ మోసిందని పదేళ్లూ మోయదు.

పెన్నా ఇంజనీరు | మే 6, రాత్రి 8:15

ఒప్పుకుంటున్నాను. కాంక్రీటు స్తంభాలకు ఫైబర్ చుట్టే పనుల్లో మేము చూసిన అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ నియమాలు ఇప్పుడు గుర్తొచ్చాయి. గాజు నార మీద నిత్యం ఉండే బరువు తుది బలంలో 20 శాతం దాటకూడదు అంటారు, కార్బన్‌కైతే 55 శాతం. ఆరుబయట ఉండే గాజు నార, ఎపాక్సీ పొరల బలాన్ని లెక్కలోనే 0.65 వంతుకు తగ్గించి తీసుకోమంటారు. అప్పట్లో ఇంత పొదుపు ఎందుకో అనుకునేవాణ్ణి.

బాబూ, ఒక పని చెయ్యి. రెండు పుట్టిలనూ ఒకే రకంగా రెండు దుంగల మీద పెట్టు. మధ్యలో నీళ్ల క్యాన్లు ఒక్కొక్కటే పెడుతూ అడుగు ఎంత దిగిందో కొలువు. గంట ఉంచు. తీశాక ఎంత లేచిందో చూడు. మచ్చ ఉన్న వైపు చెవి ఆనించు. క్యాన్లు నెమ్మదిగా పెట్టు, కింద ఎవరూ చేయి పెట్టకూడదు.

నారపోగు | మే 6, రాత్రి 8:40

సార్ చెప్పిన పరీక్ష చాలా బాగుంది. దానికి ముందు పుట్టి లోపలి వైపు కూడా చూడండి. బండ బయటి నుంచి నొక్కింది కాబట్టి అడుగు లోపలికి వంగింది. వంగినప్పుడు లాగుడు పడేది లోపలి ముఖం మీద. పగుళ్లు అక్కడే తెరుచుకుంటాయి. పుట్టిలో ఎప్పుడూ నిలిచే రెండు చెంబుల నీరు కూడా అక్కడే ఉంటుంది.

సంగమేశ్వరం గట్టు | మే 9, రాత్రి 9:30

మూడు రోజులు పట్టింది, క్షమించండి. లోపల పట్టిన బురద గీకి, కడిగి, ఆరాక బట్టలకు వేసే నీలిమందు నీళ్లు పోశాను. పది నిమిషాలు ఉంచి తడి గుడ్డతో తుడిచాను. చుట్టూ అంతా తెల్లగా వచ్చేసింది. మచ్చకు సరిగ్గా ఎదురు చోట మాత్రం నీలి గీతలు మిగిలాయి. మధ్యలో ఒక చుక్క, అక్కడి నుంచి చుక్కల ముగ్గులా ఏడు గీతలు బయటికి. వెంట్రుక కన్నా సన్నగా ఉన్నాయి. గోరు పెట్టి గీరితే తెలియడం లేదు, నీలిమందుకే తెలిసింది. నాయన వంగి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు.

తరువాత ఇంజనీరు గారు చెప్పినట్టు క్యాన్లు పెట్టాం. అదే బరువుకు కొత్త పుట్టి ఒక వేలి మందం దిగితే పాతది రెండు వేళ్లు దాటి దిగింది. క్యాన్లు అన్నీ తీశాక కొత్తది వెంటనే లేచింది. పాతది కొంత లేచి ఆగింది. తెల్లారి కూడా తన చోటికి పూర్తిగా రాలేదు. నాలుగో క్యాను పెట్టేటప్పుడు నేను చెవి ఆనించాను. చిన్నగా, మినుములు వేగినట్టు చిటపట. నాలుగు క్యాన్లంటే ఇంచుమించు ఒక మనిషి బరువే.

నాయనను పిలిచి ఆయన చెవి కూడా ఆనించమన్నాను. విన్నాడు. “ఇంజను రోజు ఇది ఇంతగా అరవలేదు” అన్నాడు.

రెసిన్ మేస్త్రి | మే 9, రాత్రి 10:05

ఆయన నోట ఆ మాట వచ్చింది కదా, ఇక పని సులువు.

మచ్చను పైన పూసి కప్పడం కాదు, పుచ్చిన మేర అంతా కోసి తీసేయాలి. అంచులను ఏటవాలుగా గీకాలి, గోడ మందానికి పన్నెండు రెట్ల వెడల్పున. అప్పుడే కొత్త నార మీదికి బరువు మెల్లగా చేరుతుంది. నిటారు అంచు పెట్టి అతికితే ఆ అంచు దగ్గరే మళ్లీ పగులుతుంది. మామూలు పాలిస్టర్ రెసిన్ వద్దు, వినైల్ ఎస్టర్ రెసిన్ వేద్దాం. ధర ఎక్కువే, కానీ నీటిని తక్కువ పీలుస్తుంది, పాత పొరకు బాగా అతుకుతుంది. లోపలి వైపు కూడా ఒక పొర వేయాలి, నీలి గీతల మీద.

గాలిమర తమ్ముడు చెప్పినట్టు ముందు ఆరాలి. బుడిపెలన్నీ విప్పి, మంచినీటితో రెండు మూడు సార్లు కడుగు. లోపలి పులుపు పోకపోతే అది మళ్లీ నీటిని లాగుతుంది. తరువాత నీడలో, గాలి ఆడే చోట నిలబెట్టు. మంట చూపించవద్దు.

గాలిమర | మే 10, ఉదయం 6:30

ఆరిందో లేదో తెలియడానికి మీటరు అవసరం లేదు. వేరుశనగ కాటా దొరుకుతుంది కదా, వారానికి ఒకసారి తూకం వేయి. ముప్పై కిలోల పుట్టిలో ఒక శాతం నీరంటే మూడు వందల గ్రాములు, మంచి కాటాకు అది తెలుస్తుంది. వరుసగా రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా ఆగు.

కిత్తనార | మే 10, ఉదయం 9:10

మరమ్మతు అయ్యాక కూడా ఆ పుట్టిలో ఇంజన్లు ఎక్కించకండి నాయనా. వలలకు వాడుకోండి.

నారపోగు | మే 10, ఉదయం 9:45

ఆమె మాటే నా మాట కూడా. కోసిన మేర కొత్తది అవుతుంది, మిగిలిన గోడ ఆరేళ్లదే. మనుషులకు కొత్త పుట్టి, వలలకు పాతది.

సంగమేశ్వరం గట్టు | జూన్ 14, సాయంత్రం 5:50

అందరికీ ఒక కబురు. ఐదు వారాలుగా ఆదివారం ఆదివారం తూకం వేశాం. వేరుశనగ వ్యాపారి మొదటి వారం వింతగా చూశాడు, మూడో వారానికి ఆయనే పలక మీద అంకె రాసి పెట్టాడు. మొదటి వారంలోనే నాలుగు వందల గ్రాములు పోయాయి. తరువాత నూట యాభై, ఆపైన అరవై. పోయిన ఆదివారానికి, ఇవాళ్టికి తేడా రాలేదు.

నాయన తన చేత్తోనే సుద్దతో కోయాల్సిన గీత గీశాడు, నేను గీసిన దానికన్నా జానెడు వెలుపలికి. రేపు ఉదయం మేస్త్రి గారు గ్రైండరు, రెసిన్ డబ్బా తీసుకుని వస్తున్నారు.